ఎనిమిది రోజుల్లో ఆగిపోయిన కార్యక్రమం

టీవీ కార్యక్రమాలు ఎందుకు ఆగిపోతాయి అని ఎవరినడిగినా "చూసేవాళ్ళు లేక" అనే చెప్తారు. సాధారణంగా అది నిజమే. కానీ 2007 ఏప్రిల్లో చూసేవాళ్ళూ, వినేవాళ్ళూ, డబ్బిచ్చే ప్రకటనదారులూ అందరూ ఉన్న ఒక కార్యక్రమం ఎనిమిదంటే ఎనిమిది రోజుల్లో అటు టీవీలోంచీ ఇటు రేడియోలోంచీ మాయమైపోయింది. ఆ కథలో ఇంకో పక్షం మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న ఒక కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు. ఈ నెల ఆ సంగతీ, దాని వెనక పనిచేసిన యంత్రాంగమూ, అలాంటి యంత్రాన్నే తయారు చెయ్యబోయి నేను చేసిన నిర్వాకమూ చెప్తాను.

ముందు నా నిర్వాకం

నేను కన్సల్టెంటుని. కిందటేడు ఒక క్లయింటు దగ్గర (పేరు అప్రస్తుతం) ఒక ప్రోగ్రాము రాసే పని వచ్చింది. వీడియోలని పరిశీలించి, ఫలానా వీడియో పక్కన ప్రకటన వెయ్యవచ్చా, కూడదా అని తేల్చాలి. ఏ సబ్బు కంపెనీ అయినా తన ప్రకటన బూతుల పక్కన కనిపించాలనుకోదు కదా!

పద్ధతి చెప్పడానికి తేలికే. మొదట వీడియోలో మాటలని అక్షరాల్లోకి మార్చాలి. కొన్ని వీడియోలకి మనుషులు టైపు చేసిన పాఠం ముందే ఉంటుంది. లేని వాటికి ధ్వనిని విని రాసే సాఫ్ట్‌వేరు ఉంది. తరవాత ఆ పాఠాన్ని నిషిద్ధ పదాల చిట్టాతో జల్లెడ పట్టాలి. తగిలితే ఎర్ర గుర్తు, తగలకపోతే పచ్చ గుర్తు.

జల్లెడని పరీక్షించడానికి పాత వార్తల వీడియోలు కొన్ని తీసుకున్నాను. వాటిలో 2007 నాటివి రెండున్నాయి. మొదటిది, డాన్ ఐమస్ అనే పేరుమోసిన వ్యాఖ్యాత రట్గర్స్ విశ్వవిద్యాలయపు అమ్మాయిల జట్టుని తిట్టిన కొద్ది సెకన్ల తునక. రెండోది, ఆ అమ్మాయిలు విలేకరుల సమావేశంలో దానికి జవాబు చెప్పిన వీడియో.

నా ప్రోగ్రాము మొదటిదానికి పచ్చ గుర్తు వేసింది. రెండోదానికి ఎర్ర గుర్తు వేసింది.

అంటే, తిట్టినవాడి పక్కన నిక్షేపంగా ప్రకటన వేసుకోవచ్చు, తిట్టు తిన్న పిల్లల పక్కన మాత్రం కూడదు! బగ్ వెతకడానికి కూర్చుని, ఆ పాత కథంతా చదివేశాను. ఆ సంఘటన జరిగినప్పుడు నేను మన ఊళ్ళో ఇంజినీరింగు మూడో సంవత్సరంలో ఉన్నాను. రట్గర్స్ పేరు జీఆర్ఈ పుస్తకం పట్టుకునే సీనియర్ల నోట వినడమే తప్ప, అక్కడ బాస్కెట్‌బాల్ ఆడతారని కూడా తెలీదు.

ఆ జట్టు

ఆ ఏడాది రట్గర్స్ జట్టులో పది మంది అమ్మాయిలు. ఐదుగురు అప్పుడే కాలేజీలో అడుగుపెట్టిన మొదటి సంవత్సరం వాళ్ళు. ఎనిమిది మంది నల్లజాతి పిల్లలు. శిక్షకురాలు వివియన్ స్ట్రింగర్. మూడు వేర్వేరు కాలేజీల జట్లని (1982లో చేనీ స్టేట్, 1993లో అయోవా, 2000లో రట్గర్స్) జాతీయ పోటీల చివరి నాలుగింటిలోకి తీసుకెళ్ళిన మొదటి వ్యక్తి ఆవిడ. ఆడవాళ్ళ జట్లలోనే కాదు, మగవాళ్ళ జట్లు కలిపి చూసినా అంతకు ముందు ఎవరూ ఆ పని చెయ్యలేదు.

సీజను మొదట్లో జట్టు మొదటి ఆరాటల్లో నాలుగు ఓడింది. 2006 డిసెంబరులో డ్యూక్ చేతిలో సొంత ఊళ్ళో 40 పాయింట్ల తేడాతో చిత్తయింది. అక్కణ్ణించి లేచి, మార్చిలో జాతీయ పోటీల్లో అదే డ్యూక్‌ని 53–52 తో ఓడించింది. అప్పుడు డ్యూక్ దేశంలో మొదటి స్థానంలో ఉన్న జట్టు. ఏప్రిల్ 3న క్లీవ్‌లాండ్‌లో ఫైనల్ ఆడి టెనెసీ మీద 59–46 తో ఓడిపోయింది. ఓడినా ఊరేగించదగ్గ ఓటమే.

మర్నాడు పొద్దున్న ఆరు గంటలు దాటిన కాసేపటికి, న్యూయార్కు రేడియో స్టేషను డబ్ల్యూఎఫ్ఏఎన్ నుంచి వచ్చే "ఐమస్ ఇన్ ద మార్నింగ్" కార్యక్రమంలో ఆ ఆట ప్రస్తావన వచ్చింది. రేడియోలో సాగుతున్న ఆ కబుర్లనే 1996 నుంచీ ఎంఎస్ఎన్‌బీసీ కేబుల్ చానెల్ టీవీలో కూడా చూపిస్తూ ఉండేది. ఐమస్ ఆ పిల్లల జుట్టునీ, శీలాన్నీ కలిపి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. నల్లజాతి స్త్రీలని కించపరచడానికి రెండువైపులా పదునున్న మాట అనుకోండి చాలు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కార్యక్రమం ముందుకి సాగిపోయింది.

మామూలుగా అయితే ఎలా ఆగేది?

ఇక్కడ కాస్త ఆగి, కార్యక్రమాల తలరాత రాసే రేటింగుల సంగతి చూద్దాం.

టీవీ రేటింగు అంటే అందరినీ లెక్కపెట్టడం కాదు. అన్నం ఉడికిందో లేదో రెండు మెతుకులు పట్టి చూడడం. ఉదాహరణకి 10,000 ఇళ్ళని ఎంచుకుని మీటర్లు పెట్టారనుకుందాం. ఒక కార్యక్రమాన్ని అందులో 100 ఇళ్ళు చూస్తే దాని రేటింగు 1 శాతం. గణాంకశాస్త్రం ప్రకారం ఇలాంటి లెక్కలో వచ్చే ఊగిసలాట ఆ 100 కి వర్గమూలం, అంటే సుమారు 10 ఇళ్ళు. దానికి రెట్టింపు తీసుకుంటే అసలు విలువ 80కీ 120కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కనక ఒక్క రోజు సంఖ్య చూసి ఎవరూ కార్యక్రమాన్ని ఆపరు. వారాలు, నెలలు చూస్తారు.

రేడియో సంగతి ఇంకా నిదానం. 2007లో న్యూయార్కు శ్రోతల లెక్క ఆర్బిట్రాన్ అనే సంస్థ చిన్న పుస్తకాలతో తీసేది. ఎంచుకున్న వాళ్ళ ఇంటికి పుస్తకం వస్తుంది. వారం రోజులపాటు ఏ స్టేషను ఎప్పుడు విన్నారో చేత్తో రాసి తపాలాలో తిప్పి పంపాలి. మూడేసి నెలల లెక్కలు కూడితే గాని ఫలితం రాదు. జేబులో పెట్టుకునే మీటర్లు ఆ నగరానికి 2008లో గాని రాలేదు.

ఇది గుర్తుపెట్టుకుంటే ఒక విషయం తేటతెల్లమవుతుంది. ఎనిమిది రోజులంటే ఆర్బిట్రాన్ పుస్తకాలు పోస్టులో ఉండే వ్యవధి. ఆ కార్యక్రమాన్ని రేడియో రేటింగు ఆపడానికి వీలే లేదు. పైగా రేటింగులో తలకాయలు లెక్కపెట్టడానికే చోటుంది. ఏమన్నారు, ఎవరిని అన్నారు అన్నదానికి ఆ లెక్కలో గడి లేదు.

మరి ఎలా ఆగింది?

మొదటి మెట్టు, రికార్డింగు. వాషింగ్టన్‌లో మీడియా మాటర్స్ ఫర్ అమెరికా అని 2004లో మొదలైన సంస్థ ఒకటుంది. ఉదారవాదుల పక్షం. టీవీలో, రేడియోలో వచ్చేవాటిని రికార్డు చేసి, తప్పు అనిపించినవి బయటపెట్టడమే దాని పని. ఏప్రిల్ 4న అక్కడ ఉద్యోగం చేసే ఒక కుర్రాడి చెవిన ఆ మాట పడింది. అదే రోజు సంస్థ ఆ సంభాషణని అక్షరం పొల్లుపోకుండా రాసి, వీడియో తునకతో సహా ఇంటర్నెట్‌లో పెట్టేసింది.

ఇరవయ్యేళ్ళ ముందు ఇది అయ్యే పని కాదు. నాణ్యమైన టీవీ వీడియో గంటకి సుమారు 1.8 గిగాబైట్లు (సెకనుకి 4 మెగాబిట్ల లెక్కన). హార్డ్ డిస్కులు చవకయ్యాకే రోజంతా పట్టి ఉంచడం చిన్న సంస్థలకి సాధ్యమైంది. అదే గంట కబుర్లని అక్షరాల్లో పెడితే 50 కిలోబైట్లు చాలు. అంటే ముప్ఫయ్యారు వేల వంతులు తక్కువ! చెవిటివారి కోసం టీవీ బొమ్మతోపాటు పంపే క్లోజ్డ్ కాప్షన్లు ఇలాంటివే. అనలాగ్ టీవీ రోజుల్లో బొమ్మ పైన కంటికి కనపడని 21వ గీతలో, ఒక్కో ఫ్రేముకి రెండేసి అక్షరాల చొప్పున, సెకనుకి అరవై అక్షరాలు వచ్చేవి. మాట అక్షరమైతే వెతకవచ్చు, అతికించవచ్చు, ఈమెయిల్లో పంపవచ్చు. "నేనలా అనలేదు" అనడానికి వీలుండదు.

రెండో మెట్టు, పంపకం. యూట్యూబు పుట్టింది 2005లో. అప్పటికి రెండేళ్ళ పిల్ల. ఆ తునక చేతులు మారింది. ఏప్రిల్ 6న నల్లజాతి పాత్రికేయుల జాతీయ సంఘం ఐమస్ తప్పుకోవాలంది. ఈ రకం సంఘటన మన వాళ్ళకి కొత్త కాదు. అంతకు ముందు ఆగస్టులోనే వర్జీనియాలో సెనేటర్ జార్జ్ ఆలెన్, తనని వీడియో తీస్తున్న భారతీయ సంతతి కుర్రాణ్ణి కోతి జాతి పేరుతో పిలిచి, ఆ వీడియో బయటికొచ్చాక, నవంబరు ఎన్నికలో పదివేల లోపు ఓట్లతో ఓడిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమన్న సామెతకి అప్పటికి వీడియో సాక్ష్యం తోడయింది.

అయితే ఇక్కడొక సంగతి గమనించాలి. తునక బయటికొచ్చింది ఏప్రిల్ 4న. ఐమస్ 6న క్షమాపణ చెప్పాడు. 9న రెండు సంస్థలూ కలిసి వేసిన శిక్ష రెండు వారాల సస్పెన్షను. అదైనా వెంటనే కాదు, పై వారం నుంచి! యంత్రం చెయ్యగలిగిందంతా అప్పటికే చేసేసింది. రికార్డు ఉంది, పాఠం ఉంది, లక్షల కళ్ళు చూశాయి. ఫలితం రెండు వారాల సెలవు.

మూడో మెట్టు, మనుషులు. ఏప్రిల్ 10న పిస్కాటవేలోని రట్గర్స్ ఆటస్థలంలో విలేకరుల సమావేశం పెట్టారు. పది మంది అమ్మాయిలూ వచ్చి కూర్చున్నారు. కేబుల్ చానెళ్ళు ప్రత్యక్షంగా చూపించాయి. స్ట్రింగర్ మొదట మాట్లాడి ఒక్కో అమ్మాయి గురించీ చెప్పింది. ఎవరు సంగీతం నేర్చుకుంటున్నారు, ఎవరు ఏ చదువు చదువుతున్నారు, ఇలాగ. నాయకురాలు ఎసెన్స్ కార్సన్ నిదానంగా, గొంతు పెంచకుండా మాట్లాడింది. కియా వాన్ అనే అమ్మాయి ఆ తిట్టునే నోటితో పలికి, అది తను కాదని చెప్పింది. అప్పటిదాకా "జట్టు" అన్న ఒక్క పదం కింద ఉన్నవాళ్ళకి పది మొహాలూ, పది పేర్లూ వచ్చాయి.

నాలుగో మెట్టు, డబ్బు. ఆ రోజే ప్రాక్టర్ అండ్ గాంబుల్, స్టేపుల్స్, బిగెలో టీ ప్రకటనలు ఆపుకుంటున్నట్టు వార్తలొచ్చాయి. మర్నాటికి జనరల్ మోటార్స్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, స్ప్రింట్, గ్లాక్సో స్మిత్‌క్లైన్ తోడయ్యాయి. అటు ఎన్‌బీసీలో పనిచేసే నల్లజాతి ఉద్యోగులు తమ పైవాళ్ళకి మొహమాటం లేకుండా మనసులో మాట చెప్పారు. ఏప్రిల్ 11 సాయంత్రం ఎంఎస్ఎన్‌బీసీ కార్యక్రమాన్ని వదిలేసింది. 12న సీబీఎస్ రేడియో ఐమస్‌ని తీసేసింది. అదే రాత్రి ప్రిన్స్‌టన్‌లో గవర్నరు నివాసంలో అమ్మాయిలు ఐమస్‌ని ముఖాముఖీ కలిశారు. 13న అతని క్షమాపణని అంగీకరిస్తున్నామని స్ట్రింగర్ ప్రకటించింది. అతన్ని ఉద్యోగంలోంచి తియ్యమని తామెన్నడూ అడగలేదని కూడా ఆవిడ స్పష్టం చేసింది.

ఇదంతా చదివి "చూశారా, న్యాయం జరిగింది" అనుకోవడానికి లేదు. 2007 డిసెంబరు 3న ఐమస్ ఇంకో న్యూయార్కు రేడియో స్టేషనులో మళ్ళీ మొదలెట్టాడు. తరవాత టీవీలో కూడా కనిపించాడు. 2018 మార్చిలో తనంతట తనే విరమించుకున్నాడు. 2019 డిసెంబరులో పోయాడు. కార్యక్రమం ఆగింది ఎనిమిది నెలలే. ఆ పిల్లలకి మాత్రం జన్మకోసారి వచ్చే ఫైనల్ తాలూకు సంబరం పోయింది. ఊళ్ళో జనం చప్పట్లు కొట్టాల్సిన వారంలో వాళ్ళు కెమెరాల ముందు కూర్చుని తాము ఎవరో చెప్పుకోవలసి వచ్చింది.

నా జల్లెడలో కన్నం

ఇప్పుడు నా ప్రోగ్రాముకి వస్తాను. బగ్ దొరికింది. ఐమస్ అన్న మాటలో చివరి పదం, తోటలో మట్టి తవ్వే పనిముట్టు పేరు ఇంగ్లీషులో ఒక్కలాగే పలుకుతాయి. మొదటి వీడియోకి మనిషి రాసిన పాఠం లేదు. విని రాసే సాఫ్ట్‌వేరు దాన్ని పనిముట్టుగా రాసుకుంది. జల్లెడ ఆ వీడియోకి "తోటపని" అన్న చీటీ కూడా తగిలించింది! రెండో వీడియోకి మనిషి టైపు చేసిన పాఠం ఉంది కనక తిట్టు తిట్టులాగే ఉంది. దాంతో ఎర్ర గుర్తు పడింది.

దీనికి తిరగేసిన రకం కూడా జరిగింది. 2021లో ఫేస్‌బుక్‌లో పశ్చిమ న్యూయార్కు తోటమాలుల బృందం ఒకటి అదే పనిముట్టు గురించి మాట్లాడుకుంటూంటే, యంత్రం దాన్ని తిట్టనుకుని మొట్టికాయలు వేసింది. ఈ జబ్బు పాతదే. 1996లో ఇంగ్లండులో స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్ళకి ఏఓఎల్‌లో ఖాతా తెరవడం కుదరలేదు, ఊరి పేరు మధ్యలో ఒక బూతు దాక్కుందని. అంత దూరం ఎందుకు, మా అమ్మాయి పేరు హర్షిత. రోమన్ లిపిలో రాసి చూడండి. పిల్లల ఆటల వెబ్‌సైటు ఒకటి ఆ పేరు "మర్యాదగా లేదు, మార్చుకో" అంది. అప్పుడు దానికి ఏడేళ్ళు. "అమ్మా, నా పేరులో తప్పేముంది?" అని అడిగితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలాంటి జల్లెడనే డబ్బు తీసుకుని నేనే రాస్తానని అప్పుడనుకోలేదు.

పదాలు సరిగ్గా వినిపించినంత మాత్రాన నా ప్రోగ్రాము బాగుపడదు. అప్పుడు రెండు వీడియోలకీ ఎర్ర గుర్తే పడుతుంది. తిట్టినవాడూ, తిట్టు తిన్నవాళ్ళూ ఒకే గాటన కట్టబడతారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జరిగింది ఇదే. ప్రకటనదారుల నిషిద్ధ పదాల చిట్టాల్లోకి "కరోనా వైరస్" ఎక్కింది. పుకార్లు పుట్టించేవాళ్ళకీ, ఆస్పత్రుల దగ్గర నిలబడి వార్తలు రాసే పత్రికలకీ తేడా లేకుండా ఆదాయం తెగిపోయింది.

2007లో పనిచేసిన యంత్రాంగానికీ, ఇప్పుడు మేం రాస్తున్నదానికీ తేడా ఇక్కడుంది. అప్పుడు యంత్రం మాటని పట్టి ఉంచింది, అంతే. ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో అన్నారో తేల్చింది చూసిన మనుషులు. ప్రకటన ఆపాలన్న నిర్ణయం కూడా ఆ కంపెనీల్లో ఎవరో కూర్చుని తీసుకున్నదే. ఇప్పుడా తేల్చే పనినే యంత్రానికి ఒప్పగిస్తున్నాం. అది కూడా ఒక్కో వీడియోకి రెప్పపాటు కాలంలో. తప్పు జరిగితే విలేకరుల సమావేశం పెట్టడానికి ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆ అమ్మాయిల వీడియోకి ప్రకటన రాలేదని వాళ్ళకి ఎవరు చెప్తారు?

క్లయింటు దగ్గరికి వెళ్ళి మూడు మార్పులు అడిగాను. ఒకటి, ఒకేలా పలికే పదాలు తగిలితే పచ్చా ఎరుపూ కాకుండా పసుపు గుర్తు వేసి మనిషికి చూపించాలి. రెండు, మాట్లాడేవాళ్ళు ఇంకొకరి మాటని ఉదహరిస్తున్నారా అన్నది చూడాలి. ఇది ఇప్పటి భాషా నమూనాలు కొంతవరకు చెప్పగలవు, పూర్తిగా కాదు. మూడు, వార్తల వీడియోకి ఎర్ర గుర్తు వేసేముందు ఎవరో ఒకరు చూసి తీరాలి. మొదటి రెండింటికీ వెంటనే ఒప్పుకున్నారు. మూడోది ఖర్చన్నారు. నేను ఆ రెండు వీడియోలనీ పక్కపక్కన పెట్టి, నా ప్రోగ్రాము వేసిన గుర్తులు చూపించాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఎక్కువమంది చూసే వార్తల వరకు ఒప్పుకున్నారు. మిగతావి జల్లెడ దయ. నేను కోరుకున్నంత రాలేదు గాని, ఒట్టి చేతులతో రాలేదు.

రేటింగుల మాట ఎత్తాను కనక ఒక లెక్కతో ముగిస్తాను. 2024 ఏప్రిల్లో కాలేజీ అమ్మాయిల ఫైనల్ (సౌత్ కరోలినా, అయోవా) సగటున 1 కోటి 89 లక్షల మంది చూశారు. మగపిల్లల ఫైనల్ చూసినవాళ్ళు 1 కోటి 48 లక్షలు. ఆడపిల్లల ఆట ముందుకి రావడం అదే మొదటిసారి. ఎసెన్స్ కార్సన్ 2008లో వృత్తి క్రీడాకారిణి అయింది, 2016లో లాస్ ఏంజెలెస్ జట్టుతో డబ్ల్యూఎన్‌బీఏ ఛాంపియన్ అయింది.

కిందటి శీతకాలంలో హర్షితని పిస్కాటవేలో రట్గర్స్ అమ్మాయిల ఆటకి తీసుకెళ్ళాను. దానికిప్పుడు పదకొండేళ్ళు, స్కూలు జట్టులో ఆడుతుంది. మా ముందు వరసలో ఇంకో తెలుగు కుటుంబం, వాళ్ళ పాప ఒళ్ళో పులిహోర డబ్బా. విరామంలో దానికి 2007 నాటి పది మంది కథ చెప్పాను, తిట్టు ఏమిటో చెప్పకుండా. అంతా విని అది అడిగింది: "మరి ఫైనల్‌కి ఎలా వచ్చారో చెప్పలేదేం అమ్మా?"

నిజమే, చెప్పలేదు. డ్యూక్ మీద ఆట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆఖరి సెకనులో పదో వంతు మిగిలుండగా డ్యూక్ అమ్మాయికి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి, రెండూ తప్పాయి, రట్గర్స్ ఒక్క పాయింటుతో గెలిచింది. అది విని మా అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.